మామిడి తోటలో పసుపు అట్టలు: ఈగ కంటికి రంగు ఎలా కనిపిస్తుంది?

పోయిన సంక్రాంతి సెలవులకి నూజివీడు దగ్గర మా మావయ్య వాళ్ల ఊరు వెళ్లాను. మావయ్యకి ఆరెకరాల మామిడి తోట ఉంది. ఎక్కువగా బంగినపల్లి, కాలవ గట్టు పక్కన మాత్రం నాలుగు వరసలు చిన్న రసాలు. అంతకు ముందు ఏడాది కోతల్లో ఆయన బాగా దెబ్బతిన్నాడు. చెట్టు మీద నున్నగా, నిండుగా కనిపించిన కాయే, మాగేసి కోస్తే లోపల తెల్లటి పురుగులతో బయటపడింది. కాయ మీద గుండుసూది మొనంత మచ్చ తప్ప బయటికి ఏమీ తెలియదు. కొన్నవాడు మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

ఆ కథ విన్న దగ్గర్నుంచి నాకు ఏదో ఒకటి చేసెయ్యాలనిపించింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం కదా, ప్రపంచంలో ప్రతి సమస్యకీ మన దగ్గర పరిష్కారం ఉంటుందనిపించే వయసు. ఫోన్‌లో అరగంట వెతికితే "పసుపు రంగు పురుగుల్ని ఆకర్షిస్తుంది" అని కనిపించింది. అంతే! నా స్టైపెండ్ డబ్బుల్తో పసుపు రంగు జిగురు అట్టల కట్ట తెప్పించి, రెండు రోజులు నిచ్చెనేసుకుని తోటంతా వేలాడదీశాను. తోట అప్పుడు నిండు పూత మీద ఉంది.

మూడో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే అట్టలన్నీ నల్లగా నిండిపోయి ఉన్నాయి. సంబరపడి మావయ్యని పిలిచాను. ఆయన ఒక అట్టని దగ్గరగా చూసి, వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాడు. "ఇది అక్షింతల పురుగు, తేనెమంచు పురుగు పిల్లల్ని తింటది. ఇది అల్లిక రెక్కల పురుగు, ఇదీ మనదే. ఈ చారల ఈగలు పూత మీద వాల్తాయి, ఇవి తిరిగితేనే పిందె పడేది. నువ్వు చెప్పిన పండు ఈగ ఇందులో ఒక్కటీ లేదమ్మాయ్. దొంగల్ని పట్టమంటే చుట్టాల్ని పట్టుకొచ్చావు."

మామిడి పూతలో పరాగ సంపర్కం చేసేవాటిలో తేనెటీగల కంటే రకరకాల ఈగల పాత్రే పెద్దదని నాకు తర్వాత తెలిసింది. అంటే పిందె పట్టాల్సిన సమయంలో, పిందె పట్టించే వాటికే నేను ఉరి వేశానన్నమాట. ఆ సాయంత్రమే అట్టలన్నీ దించేశాం. మావయ్య ఒక్క మాట అనలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఈ విషయం నన్ను వదల్లేదు. పసుపు పురుగుల్ని ఆకర్షిస్తుందన్నది అబద్ధం కాదు, మరి నేనెక్కడ తప్పాను? నాలుగు నెలలు చదివి, ఎండాకాలంలో మళ్లీ తోటలో చూసి, అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, "ఏ రంగు ట్రాప్ మంచిది?" అన్న ప్రశ్నే తప్పు. ఎవరి కంటికి, ఏ అవసరంలో ఉన్నప్పుడు, ఏ కాలంలో అని అడగాలి.

ఈ ఈగ ఆ ఈగ కాదు

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. ఇంటర్ బయాలజీ పుస్తకంలో ఉండే డ్రోసోఫిలా, అరటిపండు మగ్గితే చుట్టూ ముసిరే బుల్లి ఈగ, మన తోట దొంగ కాదు. అది కుళ్లిన పండు కోసం వస్తుంది. మామిడి తోటలోది బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే వేరే కుటుంబపు ఈగ. ఇంచుమించు ఇంటి ఈగంత ఉంటుంది, చూడ్డానికి సన్నని కందిరీగలా కనిపిస్తుంది. దీనికి కుళ్లిన పండుతో పని లేదు. పక్వానికి వస్తున్న మంచి కాయ కావాలి.

ఆడ ఈగ పొట్ట చివర సూదిలాంటి భాగంతో తొక్కకి రంధ్రం చేసి, కిందనే గుడ్లు పెడుతుంది. కొద్ది రోజుల్లో అవి పిల్ల పురుగులై గుజ్జు తింటూ పెరుగుతాయి. బాగా పెరిగాక పండులోంచి బయటికొచ్చి నేలలో దూరి ప్యూపాలవుతాయి. అక్కణ్నుంచి మళ్లీ ఈగలు. పురుగు పండు లోపల, ప్యూపా మట్టి లోపల. రెండు దశల్లోనూ పైన కొట్టే మందు దాన్ని సరిగ్గా చేరదు. పైగా కోత దగ్గరపడ్డాక మందు కొడితే అది మనం తినే పండు మీదే మిగులుతుంది. అందుకే పెద్ద ఈగ గాల్లో ఉన్నప్పుడే పట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది.

ఇది మావయ్య ఒక్కడి సమస్య కాదు. మన దేశం నుంచి వెళ్లిన సరుకులో ఇలాంటి పురుగులు దొరుకుతున్నాయని 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ భారతీయ మామిడి దిగుమతిని ఆపేసింది. తనిఖీలు, శుద్ధి పద్ధతులు మెరుగుపడ్డాక 2015 ఆరంభంలో ఆ నిషేధం ఎత్తేశారు. గుండుసూది మొనంత రంధ్రం ఒక దేశం ఎగుమతిని ఆపగలిగిందంటే, దాన్ని చేసే జీవి కంటిని అర్థం చేసుకోవడం చిన్న పనేమీ కాదు.

రంగు అట్టలో లేదు, కంట్లో ఉంది

మొదటి సంవత్సరం ఫిజిక్స్ ల్యాబ్ గుర్తుందా? సోడియం దీపం, గ్రేటింగ్, స్పెక్ట్రోమీటర్. రికార్డులో రీడింగులు ఎలా "వచ్చాయో" మనందరికీ తెలుసు, అది వదిలేద్దాం. ఈసారి ఆ దీపం వెలుగుతున్నప్పుడు పక్కన మీ ఫోన్ స్క్రీన్ మీద పూర్తి పసుపు రంగు పెట్టండి: ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 0. రెండూ కంటికి పసుపే. ఇప్పుడు పాత సీడీ ఒకటి తీసుకుని దాని మీద రెండింటి ప్రతిబింబాలూ చూడండి. సీడీ గాడుల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, చవకలో దొరికే గ్రేటింగ్ అది. సోడియం దీపం ఒకే పసుపు గీతలా కనిపిస్తుంది, దాదాపు 589 నానోమీటర్లు. ఫోన్ పసుపు మాత్రం ఎరుపు, ఆకుపచ్చ ముక్కలుగా విడిపోతుంది.

అంటే ఫోన్‌లో అసలు పసుపు లేదు. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలు. వాటి స్పందన శిఖరాలు సుమారు 420, 530, 560 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ కలిసి ఆ కణాల్ని ఏ నిష్పత్తిలో కదిలిస్తాయో, సోడియం కాంతి కూడా అదే నిష్పత్తిలో కదిలిస్తుంది. మెదడుకి తేడా తెలియదు కాబట్టి రెండింటినీ పసుపు అంటుంది. మనందరం రోజూ ఆరేడు గంటలు ఈ మోసం చూస్తూ బతుకుతున్నాం.

ఈగ కన్ను వేరే సెన్సర్. ఆపిల్ ఈగ, మధ్యధరా పండు ఈగ లాంటి ఈ కుటుంబపు ఈగల కళ్లని కొలిచి చూస్తే, స్పందన 500 నానోమీటర్ల పరిసరాల్లో ఎక్కువగా ఉంటుంది. 360 దగ్గర, అంటే మనకి కనిపించని అతినీలలోహితంలో ఇంకో శిఖరం ఉంటుంది. 600 దాటాక వేగంగా పడిపోతుంది, 650 దగ్గరికి వచ్చేసరికి దాదాపు చీకటి. కాబట్టి అదే ఫోన్ స్క్రీన్‌ని ఈగ చూస్తే ఎరుపు భాగం దానికి లేనట్టే, మిగిలేది ఆకుపచ్చ ఒక్కటే. సోడియం కాంతి దానికి మసక. మనకి ఒకటిగా కనిపించే రెండు పసుపులు దానికి రెండు వేరు వేరు వస్తువులు.

అందుకే దుకాణంలో "అదే పసుపండీ" అని ఇచ్చే రెండు డబ్బాల రంగు ఈగకి ఒకటే కావాలని లేదు. అడగాల్సింది రంగు పేరు కాదు, ఆ ఉపరితలం ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు వెనక్కి కొడుతోందన్నది.

ఆపిల్ తోటలో ఎర్ర బంతులు

ఈ విషయాన్ని పద్ధతిగా తేల్చిన మనిషి పేరు రొనాల్డ్ ప్రొకోపీ. అమెరికా కీటక శాస్త్రవేత్త, తర్వాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన చూసింది మన ఈగని కాదు, దాని దూరపు చుట్టం ఆపిల్ ఈగని. రాగోలెటిస్ పొమొనెల్లా అంటారు. అమెరికాలో అడవి పండ్ల మీద బతికే ఈ ఈగ, ఐరోపా నుంచి వెళ్లిన ఆపిల్ చెట్లకి పంతొమ్మిదో శతాబ్దంలో అలవాటు పడింది.

1960ల చివర్లో ప్రొకోపీ చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. రకరకాల రంగులేసిన పలకలు, బంతులు తయారుచేసి, వాటికి జిగురు పూసి, ఆపిల్ చెట్లలో వేలాడదీశారు. ఏ రంగుకి, ఏ ఆకారానికి ఎన్ని ఈగలు అంటుకున్నాయో లెక్కపెట్టారు. ఫలితం చూడండి. చదును పలకల్లో పసుపు గెలిచింది. ఆపిల్ సైజు బంతుల్లో మాత్రం పసుపు కాదు, ఎరుపు, నలుపు లాంటి ముదురు రంగులు గెలిచాయి.

అదే తోట, అదే ఈగ, రంగు మాత్రం ఒకటి కాదు. ఎందుకంటే ఈగకి పలక ఒక విషయం, బంతి ఇంకో విషయం. ఈ కుటుంబంలో ఆడ ఈగ ప్యూపాలోంచి రాగానే గుడ్లు పెట్టలేదు. ముందు దానికి ప్రోటీన్, చక్కెర కావాలి. అవి ఆకుల మీద దొరుకుతాయి. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు, పక్షుల రెట్టలు, ఆకు మీది బాక్టీరియా, అదే దాని భోజనం. కాబట్టి ఆకలి మీదున్న ఈగ ఆకుని వెతుకుతుంది, పసుపు పలక దానికి ఆకు. గుడ్లు సిద్ధమైన ఈగ పండుని వెతుకుతుంది, ముదురు బంతి దానికి పండు. మగ ఈగలు కూడా ఆడ ఈగ వస్తుందని ఆ పండు మీదే కాపు కాస్తాయి కాబట్టి అవీ బంతికే చిక్కుతాయి.

పసుపు ఆకు ఎలా అయింది? ఎరుపు చీకటి ఎలా అయింది?

నాకు మొదట ఇది మింగుడు పడలేదు. ఆకు పచ్చగా ఉంటే పసుపు పలకని ఆకనుకోవడం ఏమిటి? జవాబు గ్రాఫ్‌లో ఉంది. ఆకు 550 నానోమీటర్ల దగ్గర కొంచెం వెలుతురు వెనక్కి కొడుతుంది, నీలం, అతినీలలోహితం మాత్రం చాలావరకు మింగేస్తుంది. పసుపు రంగు కూడా నీలాన్ని మింగేస్తుంది, కానీ 500 దాటాక వచ్చిన వెలుతురులో చాలా భాగాన్ని వెనక్కి కొడుతుంది. ఎరుపు భాగం ఈగకి ఎలాగూ లెక్కలోకి రాదు. కాబట్టి దాని కంటికి పసుపు పలక అంటే ఆకు గ్రాఫే, వాల్యూమ్ పెంచి పెట్టినట్టు.

అసలు వస్తువు కంటే నకిలీ గట్టిగా పిలవడం ప్రకృతిలో కొత్త కాదు. 1973లో నోబెల్ అందుకున్న నికో టింబర్గెన్ పక్షుల్లో ఇలాంటివే చూపించారు. గల్ పక్షి పిల్లలు తల్లి ముక్కు మీది ఎర్ర మచ్చని పొడిచి తిండి అడుగుతాయి. ఎర్ర పుల్ల మీద తెల్ల చారలు గీసి చూపిస్తే, తల్లి తల బొమ్మ కంటే దాన్నే ఇంకా ఉత్సాహంగా పొడిచాయి. మనం మాత్రం తక్కువా? బజ్జీల బండి దగ్గర ఎర్రగా మెరిసే సాస్ చూసి ఆగిపోయే వాళ్లమేగా.

ఇక ఎర్ర బంతి సంగతి. ఈగ ఎరుపు చూడలేదు కదా, మరి ఎందుకొస్తుంది? చూడలేదు కాబట్టే వస్తుంది. వెలుగుతున్న ఆకాశం, మెరిసే ఆకుల ముందు ఎర్ర బంతి దానికి నల్లటి గుండ్రని నీడ. నల్ల బంతి కూడా దాదాపు అంతే బాగా పనిచేయడం దీనికి సాక్ష్యం. మనకి ఎర్రటి ఆపిల్ నోరూరిస్తుంది కాబట్టి ఈగకీ అంతే అనుకుంటాం. దానికి కావాల్సింది ఎరుపు కాదు, వెనకున్న వెలుతురుతో తేడా.

ఇక్కడే తెలుపు గురించి కూడా చెప్పాలి, ఇది మన బ్రాంచ్ వాళ్లకి నచ్చుతుంది. మామూలు తెల్ల పెయింట్‌లో ఉండేది టైటానియం డయాక్సైడ్. దాని రూటైల్ రూపం బ్యాండ్ గ్యాప్ దాదాపు 3 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని 3తో భాగిస్తే 413 నానోమీటర్లు. అంతకంటే పొట్టి తరంగాల్ని అది మింగేస్తుంది. అంటే గోడ మీది తెలుపులో అతినీలలోహితం లేదు. మనకి అది తెలుపే, ఈగకి మాత్రం ఒక రంగు తీసేసిన వస్తువు. సెమీకండక్టర్ పాఠం పరీక్ష తర్వాత ఇలా మామిడి తోటలో పనికొస్తుందని నేను అనుకోలేదు.

ఒక్కో ఈగకి ఒక్కో రుచి

ఆపిల్ ఈగ దగ్గర నేర్చుకున్న రంగుని అన్ని తోటలకీ అంటించలేం. వాల్‌నట్ కాయల్ని పాడుచేసే ఈగ ఆకుపచ్చ బంతులకి బాగా వస్తుంది, ఎందుకంటే అది వాలే కాయ తొక్క పచ్చగానే ఉంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పండు ఈగ మీద చేసిన పరీక్షల్లో నీలం ముందుకొచ్చింది. మన మామిడి ఈగ మీద చేసిన పరీక్షల్లో తరచు పసుపు ముందు వరసలో ఉంటుంది. అన్నీ ఒకే కుటుంబం, కానీ ఎవరి వంటిల్లు వాళ్లది.

దూరం లెక్క కూడా చూడాలి. ఈగ కన్ను వందలకొద్దీ చిన్న కటకాల కూర్పు, ఒక్కో కటకం ఒక్కో పిక్సెల్ లాంటిది. మనం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడా కనిపెట్టగలం. డ్రోసోఫిలాకి పక్కపక్క పిక్సెళ్ల మధ్య దాదాపు 5 డిగ్రీలు. తోట ఈగ కన్ను పెద్దది కాబట్టి కొంచెం నయం, అయినా అదే తరహా. 8 సెంటీమీటర్ల బంతి ఒక మీటరు దూరంలో 4.6 డిగ్రీలు కనిపిస్తుంది. పది మీటర్ల దూరంలో అర డిగ్రీ కూడా ఉండదు. ఆ దూరం నుంచి ఈగకి అది బంతో, కొమ్మో, ఏమీ లేదో తెలిసే దారి లేదు.

అంటే రంగు అనేది గుమ్మం దగ్గర పలకరింపు లాంటిది. ఊరి చివరి నుంచి పిలుచుకు రావాలంటే ఇంకొకటి కావాలి. అదే వాసన.

వాసన ముందు, రంగు తర్వాత

ఈ కథ మన దేశంలోనే మొదలైంది. బీహార్‌లోని పూసాలో పనిచేసిన ఎఫ్. ఎం. హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, దోమలు రాకుండా పూసుకునే సిట్రోనెల్లా నూనెకి మగ పండు ఈగలు గుంపులుగా వస్తున్నాయని 1912లో రాశారు. ఆ నూనెలో వాటిని లాగుతున్నది మిథైల్ యూజినాల్ అని 1915 నాటికి తేల్చారు. ఇప్పుడు మన తోటల్లో వేలాడే డబ్బాల లోపల ప్లైవుడ్ ముక్కకి పట్టించేది అదే. తులసిలో కూడా ఇది ఉంటుంది. మామిడి ఈగ మగవి దీన్ని తిని, శరీరంలో మార్చుకుని, ఆడ ఈగల్ని పిలిచే వాసనగా వాడుకుంటాయి. ఒక రకంగా పెళ్లిచూపులకి అత్తరు కొనుక్కోవడం లాంటిది. పసిఫిక్ సముద్రంలోని రోటా అనే చిన్న దీవిలో 1960ల్లో దీన్నే పురుగు మందుతో కలిపి వాడి, ఈ ఈగని పూర్తిగా లేకుండా చేయగలిగారు.

కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, ఈ వాసనకి వచ్చేది మగవి. కాయకి రంధ్రం చేసేది ఆడది. ఒక్క మగ ఈగ మిగిలినా చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు కాబట్టి, ఆరెకరాల్లో డబ్బాలు కట్టి పక్క తోటలో కట్టకపోతే ఫలితం సగమే. రోటాలో సాధ్యమైంది ఎందుకంటే అది చుట్టూ నీళ్లున్న దీవి. మావయ్య తోటకి చుట్టూ ఉన్నది వేరేవాళ్ల తోటలు. రెండోది, వాసన ఇంత గట్టిగా పిలుస్తున్నప్పుడు మూత రంగు చేసే అదనపు సాయం తక్కువ. వాసనే పిలిచే పని చేస్తున్న చోట, మన చుట్టాల్ని పిలవని రంగు ఎంచుకోవడమే తెలివి. ఆపిల్ తోటల్లో కాయ తొలిచే చిమ్మట కోసం కట్టే తెల్ల ట్రాపుల్లో తేనెటీగలు పడుతున్నాయని ఆకుపచ్చ, నారింజ రంగులకి మారింది ఇందుకే.

ఆడ ఈగ కోసం ప్రోటీన్ ఎర, పసుపు రంగు కలిసి పనిచేస్తాయి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. రెండూ కలిసి ఆకలి మీదున్న ఈగకి "ఇక్కడ భోజనం ఉంది" అని చెబుతాయి.

నా తప్పు ఎక్కడ

ఇప్పుడు జనవరి తోటకి వెళ్దాం. నేను కట్టిన పసుపు అట్టలో లోపం లేదు. అది చెప్పాల్సిన మాట గట్టిగానే చెప్పింది: "ఇక్కడ మెరిసే లేత ఆకు ఉంది, పువ్వు ఉంది." ఆ మాట వినేవాళ్లు ఎవరు తోటలో ఉన్నారో వాళ్లే వచ్చారు. పూత సమయంలో ఉన్నవి పూత మీద వాలే ఈగలు, వాటి పక్కన మన అక్షింతల పురుగులు. పండు ఈగ అప్పటికి పెద్దగా లేనే లేదు. కాయ ముదిరి పక్వానికొచ్చే ఏప్రిల్, మే నెలలే దాని కాలం. వాసన లేని అట్ట కాబట్టి అది ప్రత్యేకంగా ఎవరినీ పిలవదు, పక్కనుంచి పోయే అందర్నీ పిలుస్తుంది. కాలం తప్పు, ఎర లేదు, వినేవాళ్లెవరో చూసుకోలేదు. రంగు ఒక్కటే సరిగ్గా ఉంది.

ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాను. ఈసారి నిచ్చెన ఎక్కే ముందు మావయ్యని అడిగాను. మిథైల్ యూజినాల్ డబ్బాలు కట్టాం, వాటిలో మగ ఈగలు బాగానే పడ్డాయి. సరదాకి కొన్నింటికి పసుపు మూత, కొన్నింటికి ఆకుపచ్చ మూత పెట్టి వారం వారం లెక్క రాశాను. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా నాకు దొరకలేదు. ఉన్న కొన్ని డబ్బాలతో, కొన్ని వారాలతో అది రుజువు కాదని మన స్టాటిస్టిక్స్ సారే చెబుతారు. ఒకటి మాత్రం ముఖ్యంగా గమనించాను. పక్క తోటలో రాలిన కాయలు అలాగే కుళ్లుతున్న వైపు, మా డబ్బాలు నిండినా, చివరి వరస కాయలకి రంధ్రాలు ఎక్కువగానే పడ్డాయి.

అప్పుడు మావయ్య చెప్పిన పని అన్నిటికంటే పాతది, అన్నిటికంటే విసుగు పుట్టించేది. రాలిన కాయ ప్రతిదీ ఏరి లోతుగా పూడ్చడం, చెట్ల కింద మట్టి తిరగేసి ప్యూపాల్ని ఎండకి, పక్షులకి వదలడం, మంచి కాయలకి కవర్లు కట్టడం. కవర్ కట్టిన కాయకి ఏ రంగు లెక్కా అక్కర్లేదు, ఈగ దాన్ని చేరలేదు. పక్క తోట రైతు దగ్గరికి మావయ్య స్వయంగా వెళ్లి మాట్లాడాడు. ఆ పెద్దాయన మొదట ఒప్పుకోలేదు, రెండోసారి వెళ్తే రాలిన కాయలు మనవాళ్లు ఏరుకుంటే అభ్యంతరం లేదన్నాడు. రెండు రోజులు నేనూ ఏరాను. ఆ ఏడాది పురుగు కాయలు ముందటి ఏడాది కంటే తగ్గాయి. డబ్బాల వల్లా, కవర్ల వల్లా, ఏరడం వల్లా అంటే విడదీసి చెప్పలేను. అన్నీ కలిసే.

ప్రాజెక్ట్ చేసే వాళ్లకి

మన కాలేజీలో ప్రతి ఏడాదీ రెండు మూడు "స్మార్ట్ అగ్రికల్చర్" ప్రాజెక్టులు వస్తాయి. ట్రాప్‌లో కెమెరా పెట్టి పురుగుల్ని లెక్కపెడదామనే ఆలోచన వాటిలో ఒకటి, మంచి ఆలోచనే. చేసేవాళ్లకి నా అనుభవం నుంచి నాలుగు మాటలు.

రంగుని ఫోన్‌లో చూసి ఎంచుకోకండి. కెమెరా, స్క్రీన్ రెండూ మనిషి కంటి కోసం చేసినవి. ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ ఉంది, పెయింట్ వేసిన ముక్క మీద ఏ తరంగదైర్ఘ్యం ఎంత వెనక్కి వస్తుందో దాంతో చూడండి.

ఎండలో నెల రోజులుంటే పసుపు వెలిసిపోతుంది, దుమ్ము పడుతుంది, జిగురు ఎండుతుంది. మొదటి వారం అట్ట, ఐదో వారం అట్ట ఈగకి ఒకటి కాదు. లెక్క తగ్గితే ఈగలు తగ్గాయనుకునే ముందు అట్టని చూడండి.

పట్టిన వాటి సంఖ్య ఒక్కటే రాయకండి. పట్టకూడనివి ఎన్ని పడ్డాయో ఇంకో కాలమ్‌లో రాయండి. మీ మోడల్‌కి అక్షింతల పురుగు, పండు ఈగ తేడా తెలియకపోతే, జనవరిలో నేను ఎగిరినట్టే అదీ "సక్సెస్" అని చూపిస్తుంది.

చివరిది, తోట మనిషిని ముందే అడగండి. నేను అరగంట వెతికి, రెండు రోజులు కష్టపడి, మూడు రోజులాగి తెలుసుకున్నది మావయ్య ఒక్క అట్టని పది సెకన్లు చూసి చెప్పాడు. ఆయనకి నానోమీటర్లు తెలియవు. ఏ పురుగు ఏ నెలలో ఎందుకొస్తుందో తెలుసు. ఆ రెండూ కలిస్తేనే ట్రాప్ పనిచేస్తుంది.

మిగిలిన పసుపు అట్టలు ఇంకా మావయ్య వాళ్ల వసారాలో కట్టగట్టి ఉన్నాయి. మొన్న ఫోన్ చేసినప్పుడు "సంక్రాంతికి వస్తున్నావా? అట్టలు దించాలా, దాచాలా?" అని అడిగాడు. దాచమని చెప్పాను. ఈసారి కట్టే ముందు పూత అయిపోయిందో లేదో చూస్తాను.